లాంబిస్ పేరుపండగ

మా వోలోస్‌లో రేవు బస్సు నడిపినన్నాళ్ళూ లాంబిస్ నోరు మూతపడలేదు. ఎక్కేవాళ్ళకో పలకరింపు, దిగేవాళ్ళకో చురక. ఉద్యోగం అయిపోయింది, భార్య పోయింది, ఇంట్లో మాటే వినపడకుండా పోయింది. చిలకను తెచ్చుకుందామన్న ఆలోచన అప్పుడు పుట్టింది.

ఫ్రోసో బూడిదరంగు చిలక. ఒక కాఫీ కొట్టు మూసేస్తుంటే పక్షుల్ని కాపాడేవాళ్ళు విడిపించి తెచ్చారు. అక్కడి పొగకూ జనం గోలకూ బెదిరి రొమ్ము మీది ఈకలు తనే పీక్కుంది. దానికి ఇల్లు దొరికేదాకా ఎవాంతియా సాకుతోంది. ఆవిడ ఒకప్పుడు నర్సు. లాంబిస్ ఎన్నోసార్లు వాళ్ళింటికి వెళ్ళి పంజరం పక్కన కూర్చున్నాక గాని ఆవిడ మెత్తబడలేదు.

"కొన్నాళ్ళు చూసుకోమని ఇస్తున్నాను, అన్నయ్యా. రొమ్మున ఈకలు నిలబడితేనే అది మీది. జనం మాత్రం వద్దు."

"నా ఇంటికి జనమా! పోస్టువాడు కూడా మెట్లెక్కడు చెల్లెమ్మా."

ఆ మాట నిజమే. నెల తిరిగేసరికి ఫ్రోసో రొమ్మున పొయ్యిలో బూడిదంత మెత్తగా నూగు మొలిచింది. లాంబిస్ ఊరుకోలేక తను రోజూ వెళ్ళే కాఫీ కొట్లో చెప్పుకున్నాడు. అంతలో అతని పేరుపండగ, అంటే ఆ పేరున్నవాళ్ళంతా ఏటా చేసుకునే రోజు, వచ్చింది.

పేరుపండగకు మా గ్రీకువాళ్ళలో పిలుపులుండవు. గుర్తున్నవాళ్ళు వస్తారు, తలుపు తీసి ఉంటుంది. ఇంట్లో ఎవరైనా పోయినవాళ్ళు మాత్రం "ఈ ఏడు చెయ్యడం లేదు" అని ముందే చెబుతారు. భార్య పోయిన ఏడాది లాంబిస్ అలాగే చెప్పాడు. మరుసటి ఏడాది మిఠాయి తెచ్చి కూర్చుంటే ఒక్కరూ రాలేదు.

"ఏం బాబాయ్, ఈసారి తలుపు తీస్తావా? నీ చిలకను చూడాలని మా ఆవిడ నన్ను పీక్కుతింటోంది," అన్నాడు కింది వాటా ఫోటిస్.

చెయ్యడం లేదంటే సరిపోయేది. "తీస్తాను," అన్నాడు లాంబిస్.

గది నిండిపోయింది. పంజరం పడకగదిలో ఉంది.

"ఏదీ పెళ్ళికూతురు? దిష్టి పెట్టంలే బాబాయ్, ఒక్కసారి చూపించు!"

"దానికి జనం పడదురా."

"మేం జనమా? ఇంటివాళ్ళం!"

తెచ్చి బల్ల మీద పెట్టాడు. ఈలలు వేశారు, చప్పట్లు కొట్టారు, ఎవరో సిగరెట్టు వెలిగించారు. ఫ్రోసో మెడ వంచి రొమ్ములో ముక్కు పెట్టింది. లాంబిస్ చూశాడు. చూసి, పంజరాన్ని గోడవైపు తిప్పి, అందరికీ మరో గ్లాసు పోశాడు.

అప్పుడే ఎవాంతియా వచ్చింది. ఆవిడకీ పండగ గుర్తుంది. చేతిలో అక్రోటు కేకు.

"నూరేళ్ళు చల్లగా ఉండండి, అన్నయ్యా," అంది గుమ్మంలోంచే. తర్వాత బల్ల మీది పంజరం చూసింది. దాని అడుగున పీకి పడేసిన కొత్త ఈకలు.

"రండమ్మా, ఓ గ్లాసు..." అన్నాడు ఫోటిస్.

"నోరు ముయ్యరా," అన్నాడు లాంబిస్. అతని చెవులు కందిపోయాయి.

ఆవిడ తన కోటు విప్పి పంజరం మీద కప్పింది. లాంబిస్ తనే దాన్ని కిందకి మోసుకెళ్ళి ఆవిడకు అప్పగించాడు.

"నాలుగు తిట్టు చెల్లెమ్మా."

"పండగపూట ఎందుకన్నయ్యా? పైకి వెళ్ళండి, మీ కోసం చూస్తుంటారు."

తిట్టి ఉంటే ఆ రాత్రి నిద్ర పట్టేదేమో. చాలాకాలం అతను ఆవిడ వీధి తప్పించి చుట్టుదారిన నడిచాడు. ఎండాకాలంలో ఒకరోజు ఆవిడ ఇంటికి వెళ్ళి, తల ఎత్తకుండా పంజరానికి దూరంగా కూర్చున్నాడు. ఆవిడ కాఫీ ఇచ్చింది. మర్నాడూ వెళ్ళాడు. చలి మొదలయ్యేసరికి ఫ్రోసో అతని భుజమ్మీద కునుకు తీసేది.

మళ్ళీ పండగ వచ్చింది. "ఈ ఏడు చెయ్యడం లేదు," అని కాఫీ కొట్లో చెప్పాడు.

"అయ్యో, ఎవరు పోయారు బాబాయ్?" అన్నాడు ఫోటిస్.

"ఎవరూ పోలేదు."

పండగనాడు ఎవాంతియా పంజరం తుడిచి, గుడ్డ కప్పి, సిద్ధంగా ఉంచింది. ఫ్రోసో రొమ్ము నిండా ఈకలు.

"తీసుకెళ్ళండి అన్నయ్యా. ఇక ఇది మీదే."

లాంబిస్ లేచి, మళ్ళీ కూర్చున్నాడు.

"రేపు తీసుకెళ్తాను చెల్లెమ్మా. చెయ్యడం లేదని చెప్పాను గాని, ఇవాళ ఎవరైనా తలుపు తడితే తియ్యకుండా ఉంటానని నాకే నమ్మకం లేదు."