ఇంటికొచ్చే పెళ్లి పొట్లం

రాజంపేటలో బంధువుల ఇంట ఏ పెళ్లి జరిగినా శ్రీవాసవికి లడ్డూ తప్పకుండా అందేది. పెళ్లి మాత్రం ఒక్కటీ చూసి ఎరగదు. రెండేళ్లప్పుడు పోలియో వచ్చి కాళ్లు రెండూ చచ్చుబడిన పిల్లను అంత జనంలోకి ఎవరు మోసుకుపోతారు? "నువ్వు ఈడనే కుదురుగా కూర్చో మ్మా, నీకు పొట్లం కట్టించుకొని వస్తాంలే" అనేవాడు తండ్రి కేశవులు.

తెచ్చేవాడు కూడా. పాపం, మాట తప్పే మనిషి కాడు. ఇంటికొచ్చిన చుట్టాలైతే ఆ పిల్లతో ఏం మాట్లాడాలో తోచక, చేతిలో బిస్కెట్ ప్యాకెట్ పెట్టి "తిను తల్లీ" అని జారుకునేవాళ్లు. తినడం తప్ప ఆమెకు మాత్రం వేరే పనేముంది? పద్నాలుగేళ్లు వచ్చేసరికి కూతుర్ని ఎత్తి స్నానానికి దించాలంటే తల్లి సుబ్బరత్నమ్మకు నడుము పట్టేసేది.

2006 ఎండాకాలంలో కడపలో ఒక డాక్టరుకు చూపించారు. "పది కిలోలు తగ్గితే కాళ్లకు ఇనుప కాలిపర్లు తొడిగి నిలబెట్టొచ్చు. తీపి మానిపించండి. ఇంట్లో కూర్చోబెట్టొద్దండి. చేత్తో తిప్పే మూడు చక్రాల బండి తనే నడుపుకుంటా నలుగురిలో తిరగాల" అన్నాడాయన. నిలబడతానన్న ఆశతో బస్సు రాజంపేట చేరేదాకా వాసవి కిటికీలోంచి నడిచే మనుషుల్నే చూసింది.

డాక్టరు చెప్పినవాటిలో ఇంటివాళ్లు ఒక్కదాన్ని మహా నిష్ఠగా పట్టుకున్నారు. తీపి బంద్! చుట్టాలకు కబురు పోయింది. ఇవ్వడానికి ఏమీ లేకపోయేసరికి వాళ్లు ఆమె గదిలోకి రావడమే మానేశారు. సర్కారు ఇచ్చిన మూడు చక్రాల బండి మాత్రం కేశవులు నడిపే బియ్యం అంగట్లో బస్తాల వెనకే ఉండిపోయింది. దాన్ని మెట్లు దించాలి, వీధిలో అందరూ చూస్తారు, ఎవరికి తీరిక! వాసవి నోరు కట్టుకుంది. నెలకోసారి తండ్రి ఆమెను బస్తాలు తూచే కాటా మీద కూర్చోబెట్టేవాడు. మూడు నెలల్లో రెండు కిలోలు తగ్గింది. ఆపైన ముల్లు కదల్లేదు.

శ్రావణంలో పెద్దమ్మ కూతురు పద్మప్రియ పెళ్లి కుదిరింది. చిన్నప్పుడు వాసవి పక్కన కూర్చొని అచ్చనగండ్లు ఆడింది ఆ అక్క ఒక్కతే.

"నేనూ వస్తా నాయనా."

"ఆ జనంలో నిన్ను యాడ కూర్చోబెట్టేది మ్మా? బిరీన వచ్చేస్తాంలే."

పెళ్లినాడు పొద్దున పోయినవాళ్లు మూడు గంటలకు తిరిగొచ్చారు. అంతసేపూ ఆ పిల్ల ఒక్కతే ఉంది. కేశవులు గర్వంగా ఖాళీ చేతులు చూపించాడు. "చూడు మ్మా, వాళ్లు ఎంత బలవంతం చేసినా ఒక్క పొట్లం తేలేదు. డాక్టరు మాటంటే మాటే!"

వాసవికి దుఃఖం ఆగలేదు.

"లడ్డూ వద్దన్నాడు నాయనా. నన్ను తోడుకపోవద్దని చెప్పలేదు గదా!" అంది వెక్కుతూ. "పొట్లం తెస్తాంటే, పెళ్లిలో నన్ను ఒక్కసారన్నా తల్చుకున్నారులే అనుకుంటాంటి. ఇప్పుడు అదీ లేదు."

సుబ్బరత్నమ్మ దగ్గరికొచ్చి, ఏమన్నా తింటావా అని అడగబోయి ఆగిపోయింది. కూతుర్ని ఇంకేం అడగాలో ఆమెకు తెలియలేదు.