నమీబియా సముద్రానికి కల్బా లెక్క

2021 జూలైలో నేను అబూధాబీ ముసఫ్ఫాలోని ఒక డిజైన్ ఆఫీసులో చెకర్‌ని. డిజైనర్ వేసిన లెక్కను చెకర్ పరీక్షించి సంతకం పెడితేనే అది మేనేజరు బల్ల మీదికి వెళుతుంది. ఆయన్ని అందరం అరబ్బీలో ముదీర్ అనేవాళ్లం. ఆయన సరేనంటే కొనుగోలు ఆర్డర్ బయలుదేరుతుంది. అప్పుడు నా దగ్గరికి వచ్చిన పని, నమీబియా తీరంలో ఒక చిన్న ఊరికి సముద్రపు నీటిని మంచినీరు చేసే ప్లాంటు. ఆఫ్రికా నైరుతి అంచున ఉన్న ఆ దేశంలో ఎడారి తిన్నగా సముద్రం ఒడ్డుదాకా వస్తుంది. తీరంలో వాన అన్నది పేరుకే.

డిజైనర్ పద్మజ కరీంనగర్ అమ్మాయి. తన పేరు మీద వెళ్తున్న మొదటి ప్లాంటు అది. కరోనా వల్ల మేమెవరమూ అక్కడికి వెళ్లలేకపోయాం, నీటి పరీక్షల రిపోర్టూ రాలేదు. వచ్చేదాకా ఉంటుందిలే అని పద్మజ, మేము ఎమిరేట్స్‌లోనే కల్బా తీరంలో కట్టిన ప్లాంటు నీటి ఉష్ణోగ్రతనే లెక్కలో పెట్టింది. గల్ఫులో పని చేసినవాళ్లకు ఇదొక జబ్బు. ఎడారి పక్క సముద్రం వెచ్చగా కాక మరెలా ఉంటుంది అనుకుంటాం. ఆ అంకె అలాగే పీట వేసుకుని కూర్చుంది. షార్జా ఫ్యాక్టరీకి పంపుల ఆర్డర్ ఆ సాయంత్రమే వెళ్లాలి.

మధ్యాహ్నం వీడియో కాల్‌లో అక్కడి సైటు ఇంజినీరు ఉన్ని టోపీ, మందపాటి కోటుతో కనిపించాడు. వెనక ఇసుక దిబ్బలు పొగమంచులో సగమే కనిపిస్తున్నాయి. ఏసీ గదిలోనూ చెమట తుడుచుకుంటున్న నాకు నవ్వొచ్చింది. భూమధ్యరేఖకు అవతల కదా, అక్కడిప్పుడు చలికాలం అంది పద్మజ. నిజమే. అయినా నా మనసు ఊరుకోక, ఎండాకాలంలో సముద్రంలో ఈత కొడతారా అని అతణ్ణి అడిగాను. పడీపడీ నవ్వాడు. జనవరిలో దిగినా పళ్లు పటపటలాడతాయట! దక్షిణం నుంచి చల్లటి ప్రవాహం తీరం వెంబడి వస్తుంది. గాలి పైనీటిని పక్కకు తోసేస్తే అడుగునుంచి ఇంకా చల్లటి నీరు పైకి తేలుతుంది. ఆ చల్లదనానికి పొగమంచు పడుతుంది కానీ, గాలి పైకి లేచి వాన మబ్బు కట్టదు.

కాల్ అయ్యాక ఇద్దరం మొహాలు చూసుకున్నాం. చల్లటి నీరు చిక్కన. ఉప్పును ఆపే పొర గుండా దాన్ని నెట్టాలంటే ఒత్తిడి ఎక్కువ కావాలి. మేము ఎంచుకున్న పంపులతో ఆ ఊరికి తాగునీరు చాలదు. పద్మజ మొహం పాలిపోయింది. తేలికపరుద్దామని, మీ కరీంనగర్‌కు సముద్రం లేదు, నీ తప్పేం లేదులే అన్నాను.

"మీ కాకినాడకు ఉన్నది గద సార్. మీకేం ఫాయిదా అయింది?" అంది.

ముదీర్‌కు నేను చెబుతానంటే, లెక్క తనదే కాబట్టి తానే చెబుతానని లేచింది. ఆయన విశాఖ మనిషి, కోపిష్టి. నేను వెనకాలే వెళ్లి గుమ్మం దగ్గర నిలబడ్డాను.

"సార్, ఆర్డర్ ఆపుండ్రి. ఆ సముద్రం మన సముద్రమసొంటిది గాదు" అని, జరిగింది పూస గుచ్చినట్టు చెప్పింది.

ఆయన గడియారం చూసి, ఫైలు చూసి, చివరికి ఆమెను చూశాడు. "పంపులు ఓడెక్కాక చెప్పుంటే ఏమనేవాణ్ణో నాకే తెలీదు. ఇప్పుడు ఖలాస్, అయిందేదో అయింది. వెళ్లి మార్చమ్మా" అన్నాడు. నాకు ప్రాణం లేచొచ్చింది.

పెద్ద పంపులు వెళ్లాయి, ఊరికి నీళ్లు సరిపోయాయి. ఆ తరవాత రిటైరయ్యేదాకా నా దగ్గరికొచ్చే లెక్కల్లో, తెలియని చోట తెలిసిన అంకె పెట్టనివ్వలేదు. ఖాళీగా వదలమన్నాను. ఖాళీ కనబడితే ఎవరో ఒకరు అడుగుతారు. నిండిన గడిని ఎవరూ అడగరు.