ఇంజనుకి తలంటు

విజయనగరంలో పాత ఇనప సామాను కొట్టు ముందు కిరసనాయిలు, తుప్పు, ఎండిన ఉప్పు కలిసిన వాసన తగలగానే నా కాళ్లు ఆగిపోయాయి. లోపల గోడకి చేరేసి ఒక పాత పడవ ఇంజను ఉంది. మూత పగిలింది, నీళ్లలో తిరిగే పంకా రెక్క ఒకటి విరిగింది, తాడు లాగితే కదల్లేదు. "సాయంత్రానికి పగలగొట్టి అల్యూమినియం తీసేత్తాం. కావాలంటే ఇప్పుడే సెప్పమ్మా," అన్నాడు కొట్టతను.

మా అయ్య మొదట కొన్న ఇంజను అచ్చం ఇలాంటిదే. కొనాలని ప్రాణం లాగుతోంది, కానీ భయం. మోకాళ్లు అరిగి చేపల వేట మానేసి, తన ఇంజను అమ్మేశాక అయ్య నెల రోజులు రేవు వైపు తొంగి చూడలేదు. ఇప్పుడీ చచ్చినదాన్ని తీసుకెళ్లి ముందు పెడితే, మానిన పుండు నేనే రేపినట్టవుతుందేమో.

కళింగపట్నంలో మా ఇంటికి ఆ మొదటి ఇంజను వచ్చిననాటికి నాకు ఎనిమిదేళ్లు. వేట నుంచి రాగానే అయ్య దాన్ని భుజాన వేసుకుని ఇంటికి మోసుకొచ్చి, మంచినీళ్లలో తడిపిన గుడ్డతో ఉప్పంతా తుడిచి, అరుగు మీద గోనె పరిచి పడుకోబెట్టేవాడు. అయ్య తల్లి, మా మామ్మ, దానికి రోజూ బొట్టు పెట్టేది. ఆ ఏడు గంగమ్మ పండగ పొద్దున, వీధంతా బూరెల వాసన కమ్ముకుని, మేము గవ్వలాటలో కొట్టుకుంటున్న వేళ, అయ్య ఇంజను మూత తీసి నూనె కోసం బజారుకి వెళ్లాడు. ఇంటిల్లిపాదికీ తలంట్లు పోస్తున్న మామ్మకి, ఏడాది పొడుగునా మాకు కూడు పెట్టినది పండగ పూట జిడ్డోడుతూ ఉండటం నచ్చలేదు. దానికి నలుగు పెట్టి, కుంకుడు రసం పోసి, రెండు కడవల గోరువెచ్చని నీళ్లు నెత్తిన కుమ్మరించింది.

అయ్య వచ్చి తాడు లాగాడు. ఉలుకూ పలుకూ లేదు. "ఓలమ్మో, నానే సంపేసినాను గదరా!" అని మామ్మ నెత్తి కొట్టుకుంది.

మర్నాడు మా నావ తప్ప అన్నీ వేటకెళ్లాయి. అయ్య మామ్మని ఒక్క మాట అనలేదు. ఇంజనంతా విప్పి, ఎండు చేపల పక్కనే చాటలో భాగాలు ఆరబెట్టాడు. కాకుల్ని తోలమని నా చేతికి కర్రిచ్చారు. నట్లు కాకులకెందుకని నేనూ అడగలేదు, మహా దర్జాగా కాపలా కాశాను. అయ్య ఒక్కో ముక్కనీ ఊది, తుడిచి, వెలుగులో ఇటూ అటూ తిప్పి చూసి, తనలో తాను నవ్వుకునేవాడు. గంజితో గడిపిన ఆ మూడు రోజులూ ఆయన అంత హాయిగా ఉండటం నేను మరెప్పుడూ చూడలేదు. నాలుగో రోజు అది దగ్గి దగ్గి, తెల్లటి పొగ కక్కి, లేచింది. మామ్మ దూరం నుంచే దణ్ణం పెట్టింది.

మామ్మ పోయింది. ఇప్పుడు ఇంజన్లు ఇళ్లకి రావు, వాటికి బొట్లు పెట్టేవాళ్లూ లేరు. చెడిపోతే మెకానిక్ వచ్చి కొత్త భాగం బిగించి వెళ్లిపోతాడు. ఏం చెయ్యాలో తేలక, కొట్టు ముందు నుంచే అయ్యకి ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పాను.

"తాడు లాగి సూసినావా?" అన్నాడు.

"లాగినానయ్యా. కదల్లేదు. ఇంక తిరగదు. వద్దా మరి?"

అడిగి తప్పు చేశాననుకున్నాను.

"తిరక్కపోతే పోనీయే అమ్మీ. ఇప్పుకోడానికుంటాది గదా," అన్నాడు అయ్య. "ఒక్క నట్టు కూడా పోనీకండా అట్టుకురా."