కరివేపాకు చెట్టు కింద బురద

మా అత్త మొదటి కంటి ఆపరేషన్‌కి ఆత్మకూరు వెళ్ళి బస్సులో తిరిగొచ్చింది. దుమ్ము పడి కన్ను వాచి, వారం రోజులు నానా యాతన పడింది. రెండో కంటికి కారులోనే తీసుకుపోతానని మాటిచ్చి, అప్పుడే కరెంటు కారు కొన్నాను. ఇక బైబిలు చదివి వినిపించమని నన్ను బతిమాలే పని ఉండదని ఆమె రోజులు లెక్కపెట్టుకుంటోంది.

తెల్లవారితే ఆపరేషన్ అనగా, ఉదయగిరిలో మా ఇంటి గోడకు బిగించిన ఛార్జరులో పచ్చ లైటు బదులు ఎర్ర లైటు వెలిగింది. కారులో ఆత్మకూరు దాకా పోయే ఛార్జింగ్ కూడా లేదు. స్విచ్చి ఆపి మళ్ళీ వేశాను, ప్లగ్గు పీకి మళ్ళీ పెట్టాను. కంపెనీకి ఫోన్ చేస్తే అక్కడి అబ్బాయి కూడా స్విచ్చి ఆపి మళ్ళీ వేయమన్నాడు. వాడి మీద అరిచేసి ఫోన్ పెట్టేశాను. నా నోరు అంతే, మొదట లేస్తుంది.

మా వీధి ఎలక్ట్రీషియన్ వచ్చి టెస్టు బల్బు పెట్టి చూశాడు. మామూలుగా పెడితే బల్బు భగ్గున వెలిగింది. ఒక వైరు తీసి ఎర్త్‌కి పెడితే మిణుకుమంది.

"ఎర్త్ అందడంలేదక్కా. ఎర్త్ పైపు యాడ పూడ్చినారు?"

నాకు తెలియదు. వరండాలో మంచం మీద నుంచి అత్త చెప్పింది, కరేపాకు చెట్టు కాడ అని.

వెళ్ళి చూస్తే అక్కడ నేల బీటలు వారి ఉంది. తడి లేకపోతే ఎర్త్ పనిచేయదని, ఇక్కడ రోజూ నీళ్ళు పడేవా అని అతను అడిగాడు. బియ్యం కడిగిన నీళ్ళు, గిన్నెలు తొలిచిన నీళ్ళు అత్త ఏళ్ళ తరబడి అక్కడే పోసేది. దారంతా బురద చేస్తున్నావు, కళ్ళు కనపడటం లేదా అని నేను రోజూ అరిచేదాన్ని. మొదటి ఆపరేషన్ తర్వాత డాక్టరు వంగొద్దనడంతో ఆ నీళ్ళు ఆగిపోయాయి. వాకిలి శుభ్రంగా ఉందని లోపల సంతోషించాను కూడా.

అతను పైపు చుట్టూ తవ్వి, ఉప్పు వేసి, నాలుగు బకెట్ల నీళ్ళు పోయించాడు. కాసేపాగి చూస్తే బల్బు బాగా వెలిగింది. ఛార్జరులో పచ్చ లైటు వచ్చింది. హమ్మయ్య అని అక్కడే చతికిలబడ్డాను.

ఆపరేషన్ బాగా జరిగింది. మరుసటి రోజు కట్టు విప్పించుకుని కారులోనే వచ్చాం. నల్లద్దాలతో దిగిన అత్త ఇంట్లోకి పోకుండా చెట్టు దగ్గర ఆగింది.

"ఇంత బురద అయితాదా అమ్మాయ్? నాకు కనపడేదే కాదు. నువ్వు అరిచినావంటే అరవవా మరి."

సిగ్గుతో చచ్చిపోయాను. ఆమె మాత్రం నవ్వుకుంటూ లోపలికి పోయి బైబిలు తెమ్మంది. తెచ్చి చేతికిచ్చి, బియ్యం కడిగిన నీళ్ళు తీసుకుని చెట్టు దగ్గరికి పోయాను.