పసుపు లేని పప్పుచారు

ఆ రోజు పొద్దున పప్పుచారుకి తాలింపు వేస్తుంటే నాకు వాంతి వచ్చింది. రోజూ వేసే తాలింపే. ఆవాలు చిటపటలాడాయి, ఎండుమిర్చి, కరివేపాకు పడ్డాయి, చివర్న ఇంగువ వేశాను. ఆ వాసన ముక్కుకి తగలగానే కడుపులో ఉన్నదంతా గొంతులోకి వచ్చేసింది. గరిటె అక్కడే పడేసి పెరట్లోకి పరుగెత్తాను. తిరిగొచ్చేసరికి తాలింపు మాడిపోయింది. ఆ మాడు వాసనకి మళ్లీ పరుగెత్తాను.

మాది బందరులో చిన్న భోజనాల మెస్. ముందు వరండాలో బల్లలు, వెనక మేం కాపురముండే గది, దాన్ని ఆనుకుని వంటిల్లు. నేను వండుతాను, మా ఆయన వడ్డిస్తారు. కోర్టు గుమస్తాలు, కాలేజీ కుర్రాళ్లు, పనులమీద దివిసీమ నుంచి వచ్చే రైతులు మా దగ్గర తింటారు. కూర ఉడికిందో లేదో మూత తియ్యకుండా వాసనతో చెప్పగలనని నాకు కొంచెం గర్వం కూడా ఉండేది. ఆ ముక్కే నాకు శత్రువైంది.

ఇది ఉప్పెన వచ్చిపోయిన మరుసటి ఏడు, వానాకాలం సంగతి. కుళాయి నీళ్లు బురదగా వచ్చేవి. బిందెలో పటిక తిప్పి, తేటపడ్డాక పైనీళ్లు వంచుకునేవాళ్లం. అద్దంలా కనిపిస్తే మంచినీళ్లే అనుకుని నేనూ తాగాను, జనానికీ పోశాను. మా వీధిలో అప్పటికే ఒకరిద్దరు కామెర్లతో మంచాన పడ్డారు. ఆ నీళ్లకీ ఆ జబ్బుకీ సంబంధం ఉంటుందని నాకు తట్టలేదు.

రెండు మూడు రోజులు జ్వరం, ఒళ్లునొప్పులు. మూత్రం కాఫీ డికాషన్ రంగులో వస్తోంది. సిగ్గుపడి ఎవరికీ చెప్పలేదు. పక్క వాటాలో మెహరున్నీసా అని జాకెట్లు కుట్టే ఆవిడ ఉంది. పెళ్లయి నేనా ఇంటికి వచ్చినప్పటి నుంచీ నన్ను వదినా అనే పిలుస్తుంది. సూదిలో దారం ఎక్కిస్తూ నా మొహంలోకి చూసి, నా కళ్లు పచ్చబడ్డాయని మొదట చెప్పింది ఆవిడే.

డాక్టరు గారు కుడివైపు డొక్క కింద నొక్కి చూసి, "లివర్ వాచిందమ్మా" అన్నారు. బ్లడ్ టెస్ట్, యూరిన్ టెస్ట్ చేయించారు. సీరం బిలిరుబిన్ బాగా పెరిగిందని, దీన్ని ఇన్‌ఫెక్టివ్ హెపటైటిస్ అంటారని చెప్పారు. ఏం ఇంజెక్షన్ ఇస్తారని మా ఆయన అడిగారు.

"దీనికి ఇంజెక్షన్ లేదండీ. కంప్లీట్ బెడ్ రెస్ట్. గ్లూకోజ్, మెత్తటి అన్నం, మజ్జిగ. నూనె తగ్గించండి, నీళ్లు కాచి తాగండి. లివర్ తేరుకుందని రిపోర్టు కంటే ముందు ఈవిడ ఆకలే చెబుతుంది. అన్నం పెట్టమని నోరారా అడిగిన రోజు గండం గడిచినట్టు."

అప్పటికి నాకు అన్నం అన్న మాట వింటేనే ఒళ్లు జలదరించేది. గంజి వారుస్తుంటే వచ్చే ఆవిరి వాసన ఎంత అసహ్యంగా ఉంటుందో అంతకుముందు నాకు తెలియదు. తడిగుడ్డ ముక్కుకి అడ్డం పెట్టుకుని గోడవైపు తిరిగి పడుకునేదాన్ని.

కబురందుకుని గుడివాడ నుంచి మా అమ్మ వచ్చింది. మందు లేదన్నవాడు డాక్టరెలా అవుతాడని వస్తూనే ఒక కేక వేసింది. పచ్చకామెర్లున్న ఇంట్లో పచ్చనిదేదీ కంటబడకూడదని ఆవిడ నమ్మకం. నా పసుప్పచ్చ చీర పెట్టె అడుక్కి పోయింది. అరటిపళ్లు, నిమ్మకాయ పచ్చడి జాడీ మెహరున్నీసా ఇంటికి పోయాయి. వంటింట్లో పసుపు డబ్బా కూడా పోయింది. అది నాకు పత్యం కోసమే అనుకున్నాను. వాదించే ఓపిక లేక కళ్లు మూసుకున్నాను.

తర్వాత పసరు ప్రయాణం. పమిడిముక్కల అవతల ఏదో పల్లెలో కామెర్లకి మందిచ్చే మనిషి ఉన్నాడంటే అమ్మ నన్ను బస్సెక్కించింది. డీజిల్ వాసన, పక్కసీటు కింద చేపల బుట్ట వాసన, నా వాంతి వాసన నాకే. అక్కడ ఒక పళ్లెంలో సున్నపునీళ్లు పోసి నా చేతులు అందులో పెట్టించారు. ఏదో చెక్కతో నా చేతుల మీద రుద్దుతూ ఉంటే నీళ్లు పచ్చగా అయ్యాయి. కామెర్లు దిగుతున్నాయన్నాడు. మా అమ్మ కళ్లనీళ్లు పెట్టుకుని, దణ్ణం పెడదామని వంగి పళ్లెంలో చెయ్యి పెట్టింది. ఆ చెక్క తగిలేసరికి ఆవిడ చేతి నుంచి కూడా పచ్చగా దిగింది. మరి నీకూ కామెర్లేనా అమ్మా అని అడగబోతే నా నోరు మూసింది. ఆ మనిషి మీదకంటే, అంతా చూస్తూ కూడా మేకపాలలో కలిపిన ఆ పసరు గుటుక్కున మింగిన నా మీద నాకే రోత పుట్టింది.

ఆ పసరు కడుపులో నిలవలేదు. దాంతోపాటు ఇంకేదీ నిలవలేదు. మర్నాటికి చెంచాడు నీళ్లు పోసినా తిరిగొచ్చేవి. నేను ఏదేదో మాట్లాడుతున్నానట, మా ఆయన్ని పట్టుకుని ఎవరండీ మీరు అన్నానట. ఆయన నన్ను రిక్షాలో వేసుకుని ఆస్పత్రికి తీసుకెళ్లారు. డాక్టరు గారికి పసరు సంగతి చెప్పగానే ఆయన మొహం గంటుపెట్టుకున్నారు.

"వాచిన లివర్ మీద ఆ ఆకులన్నీ కుమ్మరించారు. ఇంకో పూట ఆగి తెస్తే నా చేతుల్లో ఏమీ ఉండేది కాదు" అన్నారు.

అడ్మిట్ చేసి గ్లూకోజ్ సెలైన్ పెట్టారు. ఆస్పత్రి వాసనలు రాస్తే చదివేవాళ్లకి కూడా తిప్పుతుంది కాబట్టి రాయను. ఫినాయిల్ ఒక్కటే నాకు పడిన వాసన. మిగతా వాసనలకంటే తట్టుకోలేనివి పలకరింపులు. వచ్చిన ప్రతివాళ్లూ ఒక గ్లూకోజ్ డబ్బా, ఒక మంచి మాట తెచ్చేవాళ్లు. ధైర్యంగా ఉండమనేవాళ్లు. మనసులో ఉత్సాహం ఉంటే జబ్బు పారిపోతుందనేవాళ్లు. హంసలదీవి నుంచి మెస్సుకొచ్చే రైతు ఒకాయన ప్రేమకొద్దీ ఎండుచేపల కట్ట తెచ్చి మంచం మీదే పెట్టాడు. నిజం చెప్పాలంటే ఆ మంచి మాటలకన్నా ఎండుచేపలే నయం, వాటిని బయట పెట్టించవచ్చు.

మా పాస్టరమ్మ గారు రోజుకో మంచి మాట అచ్చేసిన క్యాలెండరు తెచ్చి నా ఎదురు గోడకి తగిలించారు. పొద్దున్నే ఒక మాట చదివి దాన్నే రోజంతా తలుచుకుంటే మనిషి లోపలినుంచి పెరుగుతుందన్నారు. ఆవిడ మంచావిడ. నాకు దేవుడి మీద కోపమూ లేదు. కానీ నేను బెడ్‌పాన్ మీద ఉండగా ఎదురుగా గోడ మీద 'ఈ దినం నీదే' అని వేలాడుతుంటే, ఆ దినాన్ని ఎవరికైనా ఇచ్చేద్దామనిపించింది. చీకటి వెనక వెలుగుందన్న రోజున నర్సుని బతిమాలి దాన్ని గోడవైపు తిప్పించాను. తర్వాత రోజంతా పాపం చేశానని కుమిలిపోయాను. ఒంట్లో బాగోలేనివాళ్లకి అదొక అదనపు చాకిరీ.

బిలిరుబిన్ దిగింది. డిశ్చార్జి చేశారు. మళ్లీ టెస్ట్ చేయిస్తే దాదాపు నార్మల్ అన్నారు. కళ్లు తెల్లబడ్డాయి. కానీ ఆకలి మాత్రం రాలేదు. మజ్జిగన్నం మందులా మింగుతున్నాను. పక్కనే వంటింట్లో మా ఆయన వండుతుంటే ఇక్కడ నేను ముక్కు మూసుకుంటున్నాను. అన్నం వాసన పడని మనిషి మెస్ ఎలా నడుపుతుంది? నాకు వేరే పని చేతకాదు. ఇక నా బతుకు ఈ గోడకేసి చూడటమేనా అని భయం పట్టుకుంది. అడిగితే డాక్టరు గారు, "లివర్ కోలుకుందమ్మా, మిగతాది నువ్వు కోలుకోవాలి" అన్నారు. ఎలాగో ఆయన చెప్పలేదు.

మెహరున్నీసా రోజూ బట్టల మూట తెచ్చుకుని నా మంచం పక్కన కూర్చుని కాజాలు కుట్టేది. ఎలా ఉన్నావని గానీ, ధైర్యంగా ఉండమని గానీ ఒక్కనాడూ అనలేదు. "ఇవాళ దేన్ని చూస్తే ఒళ్లు మండింది వదినా?" అని అడిగేది. నేను మొదలుపెట్టేదాన్ని. పాల మీగడ, కిరసనాయిలు స్టవ్వు, పలకరించడానికొచ్చి తన ఆపరేషన్ కథంతా చెప్పినావిడ, మా అమ్మ నిట్టూర్పులు. ఆవిడ దారం కొరుకుతూ వినేది, నవ్వొస్తే నవ్వేది. ఛీ అనుకున్నదంతా పైకి చెప్పేశాక, ఆ కాసేపు నాకు మనిషినన్న స్పృహ ఉండేది. కొన్నాళ్లకి ఒక సంగతి గమనించాను. చెప్పడానికి వెతుక్కోవలసి వస్తోంది. కిరసనాయిలు వాసన నాకెప్పుడు అలవాటైపోయిందో నాకే తెలియలేదు.

ఇలా ఉండగా మెస్సుకి జనం పలచబడ్డారు. అంటుజబ్బు మనిషి ఉన్న ఇల్లని రావడం లేదేమో అనుకుని లోలోపల చచ్చిపోయాను. మా ఆయన మంచం పట్టెమీద కూర్చుని, గుడివాడలో రైసుమిల్లులో పనుందట, మెస్ తీసేద్దామా అని మెల్లిగా అడిగారు. నేను గోడవైపు తిరిగి పడుకున్నాను.

ఆ మధ్యాహ్నమే వరండాలోంచి ఒక గొంతు వినబడింది. ఎన్నో ఏళ్లుగా మా దగ్గరే తినే కోర్టు గుమస్తా గారు. చాలా మెత్తటి మనిషి.

"ఏమండీ, ఏమీ అనుకోకండి. ఇది పప్పుచారాండీ, కడుగునీళ్లా?"

మా ఆయన ఏదో నసిగారు. నేను లేచి కూర్చున్నాను. ఆ గిన్నె ఇలా పట్టుకురమ్మని కేకేశాను. నాకు చూపించొద్దని మా అమ్మ అడ్డుపడింది. అయినా ఆయన తెచ్చారు.

గిన్నెలో తెల్లగా, బూడిదరంగుగా ఏదో ఉంది. పప్పు అడుగున ముద్దకట్టింది, పైన మాడిన ఆవాలు తేలుతున్నాయి. చింతపండు పచ్చివాసన. పసుపు ఛాయ కూడా లేదు. నాకు ఒళ్లంతా అసహ్యం పుట్టింది. కానీ అన్నాళ్లూ పుట్టిన అసహ్యం వేరు, ఇది వేరు. అది నన్ను గోడవైపు తిప్పేది. ఇది గిన్నెలో వేలు పెట్టించింది. నాకి చూశాను.

"పసుపేదండీ ఇందులో?" అన్నాను.

ఆయన మా అమ్మ వైపు చూశారు. అమ్మ తల వంచుకుంది. నేను ఇంట్లో ఉండగా పసుపు గడప తొక్కకూడదని ఆవిడే ఆయన చేత ఒట్టు వేయించుకుందట. నాకు పెట్టే పత్యం సరే, జనానికి వడ్డించే పప్పూ చారూ కూరా అన్నీ అన్నాళ్లూ పసుపు లేకుండానే వండారు. జనం పారిపోయింది నా జబ్బు చూసి కాదు, ఆ తెల్లకూరలు చూసి. నా మెస్సులో, నా పేరు మీద, ఆ రోతంతా మనుషుల ముందు పెట్టారు.

"నీ కోసమేనే అమ్మాయ్" అంది అమ్మ. కన్నీళ్లు పెట్టుకుంది. ఆవిణ్ణి ఓదార్చాలని కూడా నాకు అనిపించలేదు. గోడ పట్టుకుని వంటింట్లోకి నడిచాను. నా కేకలు విని మెహరున్నీసా పెరటి గోడ మీంచి పసుపు డబ్బా అందించింది. మా అమ్మ పంపించిన డబ్బానే, మూత కూడా తియ్యలేదు.

స్టూలు మీద కూర్చుని మళ్లీ పప్పు ఉడికించాను. పసుపు వేశాను, చింతపండు పులుసు బాగా మరగనిచ్చాను. తాలింపు దగ్గర మాత్రం ఆగిపోయాను. చెయ్యి ఇంగువ డబ్బా మీదే ఉంది. మా ఆయన నేను వేస్తానన్నారు. మీరు వేసింది చూశాను లెండి అని, నేనే వేశాను. వాసన వచ్చింది. కడుపులో ఒక్కసారి కదిలింది, సర్దుకుంది. గరిటెడు చారు అరచేతిలో పోసుకుని రుచి చూశాను. మళ్లీ ఇంకో గరిటె పోసుకున్నాను.

"కొంచెం అన్నం పెట్టండి" అన్నాను.

మా ఆయన గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయారు. డాక్టరు గారి మాట ఆయనకి గుర్తొచ్చింది, నాకు గుర్తు రాలేదు. నాకు నిజంగా ఆకలేసింది.

ఇది జరిగి ఏడాది దాటింది. ఆ తర్వాత కూడా చాలా రోజులు స్టూలు మీద కూర్చునే వండాను, మధ్యలో జ్వరం వచ్చి మళ్లీ పడుకున్నాను. ఇప్పుడు నూనె తక్కువ తింటాను, అలసిపోతే ఆపేస్తాను. మెస్సులో నీళ్లు పెద్ద గుండిగలో కాచి చల్లార్చి పోస్తాం. కాచిన నీళ్లు చప్పగా ఉన్నాయనేవాళ్లని వాళ్లింటికి వెళ్లి తాగమంటాను. అమ్మ గుడివాడలో కులాసాగా ఉంది, నేను బతికింది పసరు వల్లేనని చెబుతోందట. చెప్పుకోనీ.

నెల కిందట మంగినపూడి వైపు ఒక పల్లెలో మా చుట్టాలావిడకి కామెర్లొస్తే చూడబోయాను. మంచి మాటలేవీ పట్టుకెళ్లలేదు. నూనె లేకుండా చేసిన పప్పుచారు, మెత్తటి అన్నం పట్టుకెళ్లాను. మూత తియ్యగానే ఆవిడ ఛీ అని మొహం తిప్పుకుంది, తీసెయ్యమంది. నన్ను కూడా వెళ్లిపొమ్మంది. భర్త నొచ్చుకుని నాకు క్షమాపణ చెప్పాడు. బయటికి తీసుకొచ్చి అతనికి చెప్పిందే మీకూ చెబుతున్నాను. డాక్టరు చెప్పినట్టే నడుచుకో. వాంతులు ఆగకపోయినా, మాట తడబడినా ఒక్క పూట కూడా ఆలస్యం చెయ్యక ఆస్పత్రికి తీసుకెళ్లు. తిండి మాత్రం రోజూ వండి ముందు పెట్టు. ఛీ అంటే తీసెయ్యి, మర్నాడు మళ్లీ పెట్టు. బలవంతం చెయ్యకు, నీతులు చెప్పకు. ఏదో ఒక రోజు ఒక ముద్ద నోట్లో పెట్టుకుని, ఇందులో ఉప్పు తక్కువైంది, ఎవరు చేశారీ దరిద్రపు వంట అని నిన్ను తిడుతుంది. ఆ రోజు హాయిగా తిట్లు తిని, ఉప్పు తెచ్చి ఇవ్వు.