ఒంటెల పలక ముందు గంగారాం

మధ్యాహ్నం ఒంటిగంట. జర్మనీలో బ్యోబ్లింగెన్ ఊరి బయటి రోడ్డు మీద ముసురు పట్టింది. పొద్దున రెండు బ్రెడ్డు ముక్కలు తిని వచ్చిన పోశెట్టికి కడుపులో ఎలుకలు పరుగెత్తుతున్నాయి. రోడ్డు పక్కన కొత్తగా నిలబెట్టిన రాయి చుట్టూ మట్టి సర్దితే గాని మేస్త్రీ తిననివ్వడు. రాతికి ఇత్తడి పలక, పలక మీద ఒంటెల బారు.

తోటి పనివాడు గంగారాం చీపురు వదిలేసి దాని ముందు కూచున్నాడు.

"తమ్మీ, ముందున్న ముసలిదాన్ని జూడు! మన సల్మా ఒంటె లెక్కనే మెడ వంచింది."

"పని చెయ్యన్నా," అన్నాడు పోశెట్టి.

గంగారాంది బాల్కొండ పక్క పల్లె. తోటపని అని చెప్పి ఏజెంటు సౌదీ పంపిస్తే, ఎడారిలో దింపి ఒంటెల కర్ర చేతికిచ్చారు. అక్కడే పోశెట్టి కలిశాడు. ఇద్దరికీ ఒకటే డేరా, ఒకటే పళ్లెం. పోశెట్టికి కామెర్లు ముదిరితే గంగారామే ఒంటెపాలు పట్టించి, రెండు మందలూ తానే కాసి బతికించుకున్నాడు.

తర్వాత పోశెట్టి ఊరికి పోయి, సౌదీలో డ్రైవరునని చెప్పి నర్సు చంద్రికను పెళ్లి చేసుకున్నాడు. ఆమె వెంటే జర్మనీ చేరాడు. గంగారాం వంటవాడిగా వచ్చి, హోటలు మూతపడ్డాక ఈ పనిలో చేరాడు. ఇక్కడ పోశెట్టిని చూసిన రోజు కావలించుకుని ఏడ్చాడు. ఒంటెల మాట ఎక్కడా ఎత్తొద్దని చెప్పాలనుకున్నాడు పోశెట్టి. నోరు రాలేదు.

కారొకటి ఆగింది. పండగలకు పోశెట్టిని ఇంటికి పిలిచే ఇంజనీరు రవీంద్రనాథ్, భార్య మనోజ్ఞ, కూతురు ప్రగతి దిగారు.

"నాన్నా, కమేలె!" అంటూ పిల్ల జర్మన్‌లో అరిచి ఒంటెల బొమ్మ మీద వేలు పెట్టింది.

రవీంద్రనాథ్ పలక చదివాడు. "పూర్వం ఒంటెలు ఎడారి దాటించిన సాంబ్రాణి ఈ దారినే వచ్చేదట. పోశెట్టిగారూ, సౌదీలో షేకు కారు నడిపారు కదా, ఒంటెల్ని చూశారా?"

"చూసుడా!" గంగారాం పకపకా నవ్వాడు. "కారేడిది సార్? నేనూ, మా తమ్మీ కలిసి ఒంటెలు కాసినం. పాలు పిండుడు ఈనికి నేనే నేర్పిన."

"అదేంటి, చంద్రిక డ్రైవరని చెప్పిందే?" అంది మనోజ్ఞ.

పోశెట్టి పార మట్టిలో గుచ్చాడు.

"ఈయన ఎవరినో చూసి నేననుకుంటున్నడు మేడమ్. ఈడ పనిలకొచ్చినంకనే నాకు ఎరుక."

గంగారాం అతని కళ్లలోకి చూశాడు. చీపురు చేతికి తీసుకుని తలూపాడు.

"అవ్ సార్. నాతోటి కాసినాయన వేరే. పోలిక గట్లనే ఉంటే పొరబడ్డ."

"పెద్దాయనకు ఎడారి ఎండ ఇంకా దిగలేదు!" అన్నాడు రవీంద్రనాథ్. అందరూ నవ్వారు. పోశెట్టీ నవ్వాడు.

కారు పోయాక గంగారాం గిన్నె తెరిచి, ఎప్పటిలాగే సగం అన్నం పోశెట్టి వైపు తోశాడు. పోశెట్టి ముద్ద ఎత్తలేకపోయాడు. తప్పయిందన్నా అనాలి. ఆ రోజు అనలేదు, మర్నాడూ అనలేదు. ఇంట్లో అద్దం ముందు మాత్రం అనుకున్నాడు. గంగారాం ఏమీ అడగలేదు. అడిగి తిట్టినా బాగుండేది.

ఒక పొద్దున పోశెట్టి పనికి వచ్చేసరికి, గంగారాం అవతలి బస్టాపులో సంచితో నిలబడి ఉన్నాడు. ఒంటి మీద పనిబట్టలు లేవు; పని మానేసి పోతున్నాడు. పోశెట్టి పిలుద్దామని చెయ్యెత్తాడు. పక్కనే మేస్త్రీ, తోటి పనివాళ్లు. ఎత్తిన చేత్తో టోపీ సర్దుకున్నాడు.

బస్సు వచ్చింది. గంగారాం ఒకసారి ఇటు చూసి, ఎక్కి వెళ్లిపోయాడు.