సినిమా హాల్లో మా మామ గురించి నేనన్న మాట

పాప పుట్టాక రెండేళ్లపాటు నేను థియేటర్ గడప తొక్కలేదు. కోలారులో కాలేజీ చదివేటప్పుడు భయపెట్టే సినిమా ఏది వచ్చినా మొదటి వారంలోనే చూసేదాన్ని. అందుకే బంగారు గనుల ఊరు కేజీఎఫ్‌లో మా అత్తింటికి దగ్గరి హాల్లో అట్లాంటి డబ్బింగ్ సినిమా ఒకటి పడిందని తెలియగానే మనసు ఆగలేదు. మా ఆయనకు ఆ శనివారం కూడా డ్యూటీ. పొద్దున్నే మారికుప్పం రైలెక్కి బెంగళూరు వెళ్లిపోయారు.

"నేను వస్తా పదమ్మా. పాప ఏడిస్తే బయటికి ఎత్తుకొని పోతా. నువ్వు నిమ్మళంగా చూసుకో," అన్నారు మా మామ, మా ఆయన తండ్రి. బంగారు గని మూసేదాకా ఇరవై ఏళ్లకు పైగా లోపల పనిచేసిన మనిషి.

ఆ సినిమాలో కొందరు స్నేహితులు ఏదో వింత జంతువును వెతుక్కుంటూ పాత సొరంగంలోకి పోతారు. సినిమా మొత్తం వాళ్ల చేతిలోని కెమెరాతో వాళ్లే తీసుకున్నట్టు ఉంటుంది. పాటల్లేవు. బొమ్మ ఊగుతూనే ఉంటుంది. మొదట్లోనే తెరమీద అక్షరాలు పడ్డాయి: ఈ కెమెరా దొరికింది, పట్టుకున్నవాళ్లు దొరకలేదు.

"ఎంతమందంట దొరకనోళ్లు?" మామ నా చెవిలో అడిగారు.

"ఉత్తదే మామా. నిజమనిపించేటట్టు తీసినారు, అంతే."

"అది తెలుసులేమ్మా. ఎంతమందని అడిగితి."

"ఐదుగురు. ఇంగ మాట్లాడకుండా చూడండి," అని విసుక్కున్నాను.

పాప ఆయన భుజం మీద నిద్రపోయింది. ఇంట్లో దాని ఊపిరి ఆడుతోందో లేదోనని రాత్రిపూట నాలుగుసార్లు లేచి చూస్తాను. ఆ మధ్యాహ్నం మాత్రం గంటసేపు దాన్ని పూర్తిగా మరిచిపోయాను.

జంతువు దగ్గరికి వచ్చే చోట ముందు ఏమీ కనబడలేదు. కింద ఎక్కడినుంచో బరువైన శబ్దం మొదలై కుర్చీలు అదిరాయి. తెరలో సొరంగం పైకప్పు నుంచి దుమ్ము రాలింది, కెమెరా కింద పడింది, హాలంతా చీకటైపోయింది. నేను సంబరంగా భయపడుతూ పాప పాదం తాకుదామని పక్కకు చెయ్యి చాపాను. కుర్చీ ఖాళీగా ఉంది.

ఫోన్ లైటు వేసుకుని వరుసల మధ్య పరిగెత్తాను. బయటికి పోయే తలుపు దగ్గర, లావుపాటి కొయ్య ద్వారబంధం కింద, గోడకు వీపు ఆనించి ఆయన గొంతుక్కూర్చుని ఉన్నారు. పాపను ఒడిలో పెట్టుకుని, దాని తలమీద అరచెయ్యి కప్పి, దానిమీదికి వంగి ఉన్నారు. పాప నిద్ర లేవనే లేదు. లేపింది నేనే.

"పాపను ఇట్లియ్యండి!" అని అరిచి లాక్కున్నాను. అది కెవ్వుమంది.

"ఏం తాతా, ఆ జంతువు తెరలోంచి దిగి వచ్చిందా?" అన్నారెవరో. హాలంతా నవ్వింది.

"ముందు ఆ లైటార్పమ్మా!" అని వెనకనుంచి ఇంకొకరు.

టికెట్లు చించే అతను వచ్చాడు. "ఏమాయ మేడం? ఎవురీయన? ఏమన్నా చేసినాడా?"

మా మామ అని చెప్పి ఊరుకుంటే సరిపోయేది. అంతమంది నవ్వుతుంటే నా ముఖం మండిపోయింది. "మా మామే. బుర్ర కొంచెం సరిగా లేదు, ఏమీ అనుకోవద్దు," అన్నాను. ఆయన నాకు రెండడుగుల దూరంలో మోకాళ్లు పట్టుకుని లేస్తున్నారు.

ఆటోలో ఆయనే మాట్లాడారు. "సినిమా అని తెలుసమ్మా. ఆ సద్దుకి కాళ్లు వాటంతట అవే లేచినాయి. గనిలో బరువుకి రాయి పేలి పైకప్పు కూలేముందు అట్లే కిందనుంచి వస్తాది. పైకప్పుకి ఆపుగా కొయ్య నిలబెట్టిన తావుకి పోయి గోడకు ఒరుగుకోవాల. చేతిలో పాప ఉండె కదా."

నేను "ఊఁ" అన్నాను. మా నాన్న కోలారులో గుమాస్తా. మా ఇంట్లో ఏ చప్పుడుకూ ఎవరూ అట్లా లేవాల్సిన అవసరం రాలేదు.

సాయంత్రం కొడుకు రాగానే, "నేనే బెదిరిపోతినప్పా. పాపం, ఈయమ్మ సినిమా పాడు చేస్తిని," అని చెప్పారు. నేనన్న మాట చెప్పలేదు. నేనూ చెప్పలేదు.

అప్పటినుంచి ఆయన పాపను తనంతట తాను ఎత్తుకోరు. అది "తాతా" అని చేతులు చాపితే, తన చేతులు మోకాళ్ల మీదే ఉంచుకుని వంటింటి వైపు చూస్తారు. "మీ అమ్మను అడుగు తల్లీ," అంటారు. "ఎత్తుకోండి మామా," అని నేను లోపలినుంచి చెప్పాలి. కాసేపటికి, నేను అడగకుండానే, తెచ్చి నా చేతికిచ్చేస్తారు.

ఈరోజు ధైర్యం చేసి ఆయన ముందు నిలబడ్డాను. "మామా, ఆ పొద్దు హాల్లో నేను ఆ టికెట్లాయనతో..."

"పాలు పొంగుతా ఉండాయి, చూడుపోమ్మా," అన్నారు.

వంటింట్లోకి పరిగెత్తాను. స్టవ్ వెలిగించే లేదు. ఆ మాట ఆయన విన్నారని అప్పుడు రూఢి అయింది.